ఇద్దరికి ఒకే మధ్యాహ్నం

పోయిన వారం పచ్చమేడమ్‌ను ఆవిడ గదిలో, చల్లారిపోయిన టీ ముందు తల పట్టుకుని కూర్చున్న చోట వదిలేసి వచ్చాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆవిడ ఎవరో, ఆ తలనొప్పి ఏమిటో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం.

పచ్చమేడమ్ ఒక కాలేజీలో విద్యార్థులకు అడ్వైజర్. ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు చదవాలి, ఏది ముందు, ఏది వెనక అన్నది అక్కడివాళ్ళు ప్లానర్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో పేర్చుకుంటారు. తెర మీద వారమంతా గడులుగా కనిపిస్తుంది. కోర్సును తెచ్చి గడిలో పెడితే గడి నిండుతుంది, తీసేస్తే ఖాళీ అవుతుంది. పెట్టాలన్నా తీయాలన్నా అడ్వైజర్ ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి పచ్చ బొత్తాం, కాదనడానికి ఎర్ర బొత్తాం ఇచ్చారు. ఎర్ర బొత్తాం జోలికి ఆవిడ వెళ్ళిన దాఖలాలు పెద్దగా లేవు కాబట్టి ఆ పేరు వచ్చింది. వెనకాల అనుకునే పేరే అయినా ఆవిడకు తెలుసు. చదువుకుంటామని వచ్చినవాళ్ళను కాదనడానికి నేనెవరినని ఆవిడ వాదన.

ఆ వాదనే ఇవాళ కొంప ముంచింది. పొద్దున్నే పేరుకుపోయిన అర్జీలన్నింటికీ టీ వచ్చేలోపు పచ్చ బొత్తాం నొక్కుకుంటూ పోయింది. డైటీషియన్ కోర్సు ఆఖరి సెమిస్టర్‌లో ఉన్న ఒకావిడ, తన మధ్యాహ్నం గడిలోంచి ఆస్పత్రి ప్రాక్టికల్ తీసేయమని అడిగింది. దానికీ నొక్కింది. టీ కప్పు నోటి దాకా తెచ్చుకున్నాక వెలిగింది, ఆ ప్రాక్టికల్ లేకపోతే డిగ్రీయే లేదని. పైగా మధ్యాహ్నం పూట అది నడవడం ఈ ఏడాదితో సరి. వచ్చే ఏడాది నుంచి వేరే ఊళ్ళో పెద్దాస్పత్రిలో సెమిస్టర్ అంతా మకాం పెట్టి చెయ్యాలి. మార్పులకు గడువు ఈ సాయంత్రం ఐదింటి వరకే. తర్వాత ప్లానర్‌కు తాళం పడుతుంది.

మధ్యాహ్నం వచ్చి కలవమని ఆ విద్యార్థినికి కబురు పెట్టి, ఈలోపు పాత సెమిస్టర్లు తిరగేస్తుంటే మరో సంగతి కంటబడింది. అదే ఇంటిపేరు, అదే చిరునామాతో ఇంకో విద్యార్థిని ఉంది. ఇద్దరి గడులూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి సెమిస్టర్ నుంచి ఇప్పటిదాకా ఒక్క గంట కూడా కలవలేదు. ఈమె గడి నిండితే ఆమెది ఖాళీ. ఆమెది నిండితే ఈమెది ఖాళీ. అదేదో అనుకోకుండా జరిగిందనుకోవడానికి పచ్చమేడమ్ మరీ అంత అమాయకురాలు కాదు. సరిగ్గా అక్కడే మనం ఆగాం.

తలుపు మీద చిన్నగా చప్పుడైంది.

"రామ్మా," అంది మేడమ్.

వచ్చినావిడకు ముప్పై దాటి ఉంటాయి. భుజానికి పెద్ద సంచీ, ఎండలో నడిచొచ్చిన ముఖం. లోపలికి రమ్మన్నా ఇంకోసారి రమ్మంటారేమోనని గుమ్మంలోనే నిలబడే రకం. అర్జీ పెట్టింది ఈవిడే. మనం పెద్దకోడలు అందాం. ఎందుకన్నది ఇంకాసేపట్లో ఆవిడే చెబుతుంది.

ఆ గది ఒకప్పుడు భూగోళం లెక్చరర్లు మ్యాపులు దాచుకున్న కొట్టు. బల్ల, కంప్యూటరు, మేడమ్ కుర్చీ పట్టించాక వచ్చినవాళ్ళ కుర్చీకి తలుపు వెనక తప్ప చోటు మిగల్లేదు. ఎవరైనా తలుపు బార్లా తీశారంటే ఆ కుర్చీలో ఉన్న మనిషి మాయమైపోవలసిందే. వేరే గది అడిగి అడిగి మేడమ్ నోరు నొప్పెట్టింది కానీ గది మారలేదు. పెద్దకోడలు తలుపు దగ్గరగా వేసి, ఆ కుర్చీ అంచున కూర్చుంది.

"పొద్దున నువ్వు పెట్టినదానికి ఒప్పుకున్నాను," అంది మేడమ్.

"చూశాను మేడమ్. చాలా థాంక్స్."

"థాంక్స్ నీ దగ్గరే ఉంచు. ఆ ప్రాక్టికల్ లేకపోతే డిగ్రీ రాదని తెలుసా నీకు?"

"తెలుసు."

"వచ్చే ఏడు వేరే ఊరు పోవాలని?"

"అదీ తెలుసు మేడమ్. నోటీసు చూశాకే పెట్టాను."

మేడమ్ ఉసూరుమంది. తెలియక చేసిందేమో, విడమరిచి చెబితే నాలుక కరుచుకుని మళ్ళీ పెట్టేయమంటుందేమో అని పొద్దుటి నుంచి ఆశ పెట్టుకుంది. తెలిసి చేసినవాళ్ళతో వేగడం ఎప్పుడూ కష్టమే. ఆవిడ కంప్యూటర్ తెరను బల్ల మీద అటు తిప్పింది.

"ఇది నీది. ఇదెవరిదో చెప్పు."

పెద్దకోడలు ముందుకు వంగి చూసింది. చూసి, దొరికిపోయినదానిలా కాకుండా, చిన్నగా నవ్వింది. "మా చెల్లిది. అంటే సొంత చెల్లి కాదు, తోడికోడలు. మా మరిది భార్య. పక్కపక్కన పెడితే ఇలా ఉంటుందని నాకూ తెలీదు. బాగుంది కదా మేడమ్?"

"బాగానే ఉంది. ముగ్గేసినట్టుంది. ఇలా ఎందుకుందో చెప్పు."

చెప్పింది. ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే లారీ నడుపుతారు. ఒకరు తోలుతుంటే ఒకరు పడుకుంటారు. సరుకెక్కించుకుని వెళ్ళారంటే వారాల తరబడి ఇంటి ముఖం చూడరు. ఇంట్లో మిగిలేది కోడళ్ళిద్దరూ, అత్తగారూ. అత్తగారికి పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమ కాలు మాట వినదు. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి. ఓసారి వంటింట్లో పడి, అలాగే నేల మీద ఉండిపోయింది. ఆ రోజు కోడళ్ళిద్దరూ బజారులో ఉన్నారు. అప్పటి నుంచి ఆవిడను ఒంటరిగా వదలకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

"ఆవిడ బుర్ర మాత్రం పాదరసం మేడమ్," అంది పెద్దకోడలు. "నోరు అంతకన్నా. మేం ఈ కోర్సులో చేరామని చెబితే, కోడళ్ళిద్దరూ డబ్బు కట్టి మరీ నా కూరలో ఉప్పు తీసేయడం నేర్చుకుంటున్నారని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది."

మేడమ్‌కు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని గుర్తొచ్చి సర్దుకుంది. "అయితే ఒకరు కాలేజీకొస్తే ఒకరు ఇంట్లో. అంతేనా?"

"అంతే. ప్లానర్‌లో ఒకరిది ఒకరం చూసుకునేలా పెట్టుకున్నాం. మా ఇంట్లో రూలు ఒక్కటే. ఎవరి గడి నిండి ఉందో వాళ్ళు బయట. ఎవరి గడి ఖాళీగా ఉందో వాళ్ళు అత్తయ్య దగ్గర. చెల్లికి పొద్దున ల్యాబు, నాకు మధ్యాహ్నం ప్రాక్టికల్. నేనెక్కే బస్సు, అది దిగే బస్సు దారిలోనే ఎదురవుతాయి. మధ్యలో కాసేపు అత్తయ్య తిని పడుకుని ఉంటుంది, పరవాలేదు."

"వచ్చావా, వెళ్ళావా అని ఫోన్లు చేసుకోరా?"

"లేదు మేడమ్. అత్తయ్య చెవిన పడితే, నా కాపలాకి వంతులేసుకుంటున్నారా అని బాధపడుతుంది. ఓసారి అలా బాధపడింది కూడా. అందుకే గడి చూసుకుంటాం, కదులుతాం. ఇన్నాళ్ళలో ఒక్కసారీ తేడా రాలేదు."

ఇన్నేళ్ళుగా ఈ ప్లానర్ గురించి పచ్చమేడమ్ ఎన్ని సమావేశాల్లో కూర్చుందో లెక్కలేదు. విద్యార్థి ప్రయాణం అన్నారు, లక్ష్య సాధన అన్నారు. ఒక ఇంట్లో మనిషిని పడిపోకుండా పట్టుకోవడానికి దాన్ని వాడుతున్నారని ఎవరూ అనలేదు. ఆవిడకు ఆ ఇద్దరి మీద ఒక్కసారిగా అభిమానం పొంగుకొచ్చింది. దానితోపాటే భయం కూడా వేసింది, ఎందుకంటే తర్వాత వినబోయేది ఏమిటో ఆవిడకు అర్థమైపోయింది.

"మీ చెల్లికీ ఈ ప్రాక్టికల్ కావాలి," అంది నెమ్మదిగా.

"కావాలి. వచ్చే ఏడాది మధ్యాహ్నం పూట చేస్తుందని అనుకున్నాం. నేను ముందు, అది తర్వాత. ఇప్పుడు వచ్చే ఏడాది లేదు. వేరే ఊళ్ళో సెమిస్టర్ అంతా అంటే మా ఇంట్లో అయ్యే పని కాదు. ఉన్నది ఒక్క మధ్యాహ్నం. ఇద్దరికీ కావాలంటే కుదరదు."

"అందుకని నువ్వు తప్పుకున్నావు."

"నా సీటు ఖాళీ అయితే అది దానికొస్తుంది కదా. ఐదులోపు పేరు పెట్టుకుంటే చాలు."

మేడమ్ ప్రాక్టికల్ పేజీ తెరిచి చూసింది. నిజమే. ఉన్న సీట్లన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఈవిడ పొద్దున్న ఖాళీ చేసిన సీటు.

"నీకు అక్కర్లేదా మరి?"

పెద్దకోడలు ఒళ్ళో ఉన్న సంచీ జిప్పును కాస్త తెరిచి మళ్ళీ మూసింది. "మొదట్లో నిజంగానే అక్కర్లేదు మేడమ్. అది ఒక్కతీ కాలేజీకి వెళ్ళనని మొండికేస్తే తోడుగా చేరాను. రెండో సెమిస్టర్ కల్లా నాకే రుచి పట్టింది. పోయిన వారం ఆస్పత్రిలో మొదటి రోజు. వార్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. నాలుగు రోజులుగా పళ్ళెం ముట్టలేదన్నారు. ఏం తింటారండీ అని అడిగితే, నన్ను అడిగే తీరిక మీకుందా అన్నాడు. కూర్చుని విన్నాను. అన్నీ మెత్తగా చేసి పెడుతున్నారట, ఆయనకి పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆ మాట వంటవాళ్ళకి చెప్పాను, అంతే. మర్నాడు పళ్ళెం ఖాళీ చేసి, నన్ను పిలిచి మరీ చూపించాడు."

సంచీని ఒళ్ళో సర్దుకుని మళ్ళీ అందుకుంది.

"అక్కర్లేదంటే అబద్ధం మేడమ్. చాలా కావాలి. కానీ దానికి ఇంకా కావాలి. చదువు మధ్యలో ఆగిపోవడం దానికి ఇది రెండోసారి అవుతుంది. పెళ్ళికి ముందు ఒకసారి అయింది. అది తట్టుకోలేదు. నేను తట్టుకోగలను."

తట్టుకోగలనని చెప్పే మనిషి కళ్ళు ఎలా ఉంటాయో పచ్చమేడమ్‌కు బాగా తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆ మాటే చెబుతారు.

"మీ చెల్లికి ఈ సంగతి చెప్పావా?"

"అందుకే వచ్చాను." పెద్దకోడలు కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది. "నేను వదులుకున్నానంటే అది చచ్చినా తీసుకోదు. మీరొక మాట సాయం చెయ్యాలి మేడమ్. మీ అక్కకి అర్హత చాలలేదు, అందుకని కాలేజీ వాళ్ళే తీసేశారు, ఆ సీటు నీకిస్తున్నాం అని చెప్పండి. మీరు చెబితే నమ్ముతుంది."

"క్లాసులో అందరికన్నా నీకే మార్కులెక్కువ. ఏ అర్హత చాలలేదని చెప్పను?"

"ఏదో ఒకటి. మీకు తెలియనివా."

అబద్ధం ఆడమని ఇంత మర్యాదగా అడిగినవాళ్ళు పచ్చమేడమ్ సర్వీసులో లేరు. పచ్చ బొత్తాం అయితే కళ్ళు మూసుకుని నొక్కేదే. దీనికి బొత్తాం లేదు, నోరు తెరిచి చెప్పాలి. కాదంటే ఆ రెండో అమ్మాయి సీటు తీసుకోదు, ఈవిడా తీసుకోదు, ఐదు కొట్టేలోపు ఎవరో మూడో మనిషి దాన్ని ఎగరేసుకుపోతారు. ఔనంటే ఒకరికి డిగ్రీ వస్తుంది, ఆ ఇంట్లో ఒక అబద్ధం కాపురం పెడుతుంది. ఎటు చూసినా మింగుడు పడేలా లేదు.

"చూడమ్మా," అంటూ ఏదో మొదలుపెట్టబోయింది.

అంతలో తలుపు బార్లా తెరుచుకుంది. తట్టడం, పిలవడం ఏమీ లేవు. పెద్దకోడలు కూర్చున్న కుర్చీ తలుపు చాటుకు పోయింది.

గుమ్మంలో ఒక సన్నటి అమ్మాయి నిలబడి ఉంది. తెల్లటి ల్యాబు కోటు ఇంకా విప్పలేదు. దాని జేబు దగ్గర పసుపు రంగు మరక ఉంది. చేతిలో ఫోను.

"మేడమ్, మా అక్క మధ్యాహ్నం గడి ఎందుకు ఖాళీ అయింది? ల్యాబు అయ్యాక ఫోను చూస్తే ప్రాక్టికల్ లేదు. మీరే ఒప్పుకున్నారని ఉంది."

పరిచయం అక్కర్లేదు. ఈవిడే చిన్నకోడలు. మేడమ్ చూపు తనకు తెలియకుండానే తలుపు వైపు జారింది. తలుపు, గోడ మధ్య సందులోంచి పెద్దకోడలు ముఖం సగం కనిపిస్తోంది. వద్దు, చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. ఆ వెంటనే రెండు చేతులూ జోడించింది.

పచ్చమేడమ్‌కు ఆ క్షణంలో చాలా తేలికగా ఉండే దారి ఒకటుంది. అర్హత చాలలేదమ్మా అంటే సరిపోతుంది. రెండే మాటలు. ఆవిడ నోరు తెరిచింది. ఎదురుగా ఉన్న అమ్మాయి ముఖంలో కోపం తప్ప అనుమానం లేదు. ఏం చెప్పినా నమ్మేలా ఉంది. సరిగ్గా అందుకే చెప్పబుద్ధి కాలేదు.

"నేనే తీశాను," అంది. "చూసుకోకుండా తీశాను, అది నా పొరపాటు. కానీ అడిగింది మీ అక్క."

"అక్క అడగదు."

"అడిగింది."

"ఎందుకడుగుతుంది మేడమ్? రాత్రి కలలో కూడా ఆ ఆస్పత్రి వంటవాళ్ళతో మాట్లాడుతోంది. ఎవరో టికెట్ల పెద్దాయన పళ్ళెం ఖాళీ చేశాడని ఇంట్లో అందరికీ చెప్పింది, లారీలో ఉన్నవాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్పింది. అలాంటి మనిషి తీసేయమని అడుగుతుందా? మీ ప్లానర్‌లో ఏదో తేడా ఉంది. మళ్ళీ పెట్టేయండి."

తలుపు వెనక నుంచి, చాలా మామూలుగా, "అరవకే," అని వినబడింది.

చిన్నకోడలు తలుపు లాగి చూసింది. పెద్దకోడలు సంచీని గుండెలకు హత్తుకుని కూర్చుని ఉంది. కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నదానికి విషయం అర్థమవుతుండటం ముఖంలో తెలుస్తూనే ఉంది. ముందు ఆశ్చర్యం పోయింది, తర్వాత కోపం పోయింది, చివరికి ఏడుపుకు కాస్త ఇవతల ఆగింది.

"నాకోసమా?" అంది.

"ఒక్కటే ఉంది చెల్లీ. నువ్వు తీసుకో."

"నేనడిగానా నిన్ను?"

"అడగవు. అందుకే చెప్పలేదు."

"నాకు చెప్పకుండా నా చదువు సంగతి తేల్చేశావు. నీ చదువు సంగతీ తేల్చేశావు. ఇంకెవరిదైనా మిగిలిందా?" చిన్నకోడలు ల్యాబు కోటు విప్పి, మడత పెట్టి, ఎక్కడ పెట్టాలో తోచక మళ్ళీ తొడుక్కుంది. "మేడమ్, నేను తీసుకోను. అక్కది అక్కకే పెట్టండి."

"నాకొద్దు మేడమ్."

"నాకూ వద్దు."

"మీకిద్దరికీ వద్దంటే తీసుకోవడానికి బయట జనం సిద్ధంగా ఉన్నారు," అంది పచ్చమేడమ్. కంఠం పెంచలేదు కానీ ఇద్దరూ ఆగారు. "ఐదు దాకా ఆ సీటు ఎవరు నొక్కితే వాళ్ళది. మీరు త్యాగాల్లో పోటీ పడుతూ ఉండండి, ఈలోపు ఎవరో వెళ్ళి దర్జాగా కూర్చుంటారు."

చిన్నకోడలు గోడకు ఆనుకుంది. గదిలో రెండో కుర్చీకి చోటు లేదు. బయట సైకిల్ స్టాండులో ఎవరో తాళం చెవి పోగొట్టుకుని గొణుక్కుంటున్నారు. 

"ఇద్దరూ చెయ్యడానికి దారే లేదా?" అని అడిగింది మేడమ్. "ఇంకో సీటు నేనెలాగో అడిగి వేయిస్తాను. ఆ కాసిని గంటలు మీ అత్తగారి దగ్గర ఇంకెవరైనా ఉంటే?"

"అత్తయ్య ఇంకెవరూ వద్దంటుంది మేడమ్," అంది పెద్దకోడలు.

"ఆవిడ వద్దన్నారా?"

తోడికోడళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"అంటే... అడగలేదు," అంది చిన్నకోడలు. "కొత్తవాళ్ళని పెడితే చిన్నబుచ్చుకుంటుందని మేమే అనుకున్నాం."

"ఈ ప్రాక్టికల్ సంగతి ఆవిడకి తెలుసా? ఒక్కరికే కుదురుతుందని?"

"చెప్పలేదు మేడమ్. చెబితే తనవల్లే అని మనసు కష్టపెట్టుకుంటుంది."

పచ్చమేడమ్ తెర వంక చూసింది. ఎన్ని సెమిస్టర్లు, ఎన్ని గడులు. ప్రతి గడి వెనకా ఆ ముసలావిడ ఉంది, ఒక్కదాంట్లోనూ ఆవిడ మాట లేదు. బుర్ర పాదరసమని వీళ్ళే చెబుతారు, ఆ బుర్రకు మాత్రం ఏదీ చెప్పరు. ఇద్దరూ మంచివాళ్ళే. మంచివాళ్ళతోనే ఈ చిక్కు. తనూ ఆ కోవలోదే కాబట్టి పైకి అనలేదు.

"వెళ్ళి ఆవిడనడగండి," అంది. "ఇంకా టైముంది. ఇంటికి వెళ్ళి ముగ్గురూ కూర్చుని..."

అంటూ అంటూనే ఆగిపోయింది.

పక్కపక్కన ఉన్న రెండు ప్లాన్ల మీద నుంచి ఆవిడ చూపు ఎదురుగా ఉన్న ఇద్దరి మీదికి వచ్చింది. ఒకరు కుర్చీలో, ఒకరు గోడకు ఆనుకుని. పొద్దుటి నుంచి ఆవిడ చూస్తున్నది ఒకటే, ఈ ఇద్దరూ ఏ గంటలోనూ ఒక చోట ఉండరని. ఇప్పుడు ఉన్నారు.

"మీ అత్తగారి దగ్గర ఎవరున్నారు?"

"చెల్లి..." అంది పెద్దకోడలు. ఆ మాట సగంలో ఉండగానే చెల్లి వైపు తిరిగింది.

చిన్నకోడలు ముఖం పాలిపోయింది. "నీ గడి ఖాళీగా ఉంది కదక్కా. నువ్వు ఇంట్లోనే ఉన్నావనుకున్నా. అందుకే ఇటొచ్చా."

"నేను రోజూ వచ్చినట్టే బయల్దేరాను. నువ్వు వెళ్ళుంటావని."

ఇద్దరూ రూలు తప్పలేదు. ఒకామె అలవాటు ప్రకారం ఇల్లు కదిలింది, ఒకామె గడి చూసి ఇల్లు చేరడం మానేసింది. ఆ గడిని ఖాళీ చేసిన బొత్తాం నొక్కింది తనే అని పచ్చమేడమ్‌కు తట్టింది.

పెద్దకోడలు అప్పటికే సంచీలోంచి ఫోను తీసింది. నంబరు నొక్కి, ముగ్గురికీ వినబడేలా పెట్టి, బల్ల మీద ఉంచింది. రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. చిన్నకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వంటింటి నేల ఆ ఇద్దరి కళ్ళ ముందూ ఆడుతోందని పచ్చమేడమ్‌కు చెప్పక్కర్లేదు. రింగు ఆగేలోపు అవతల ఎవరో ఎత్తారు. ముందు పెద్ద హోరు వినబడింది.

"ఏమే," అంది ఒక గొంతు. వయసు మళ్ళిందే కానీ గట్టిగా ఉంది.

"అత్తయ్యా. ఎలా ఉన్నారు? ఎక్కడున్నారు?"

"ఎక్కడేమిటి, బస్సులో. ఎవరో చెయ్యందించి ఎక్కించి కిటికీ పక్కన సీటిచ్చారు, కూర్చునే ఉన్నాను, కంగారు పడకు."

చిన్నకోడలు నోటి మీంచి చెయ్యి తీసింది.

"ఇవాళ ఒకతి వెళ్ళింది, ఇంకొకతి రాలేదు," అంది అత్తగారు. "కూర్చుని ఎదురు చూశాను. ఇద్దరూ వారం నుంచి నా దగ్గర ఏదో దాస్తున్నారు. పెద్దది కంచం ముందు కూర్చుని లెక్కలేసుకుంటుంది, చిన్నది అది లెక్కలేయడం చూస్తుంది. నాకు కాలు పడిపోయింది కానీ కళ్ళు పడిపోలేదు. అందుకే మీ కాలేజీకే వచ్చి, మీ పచ్చమేడమ్‌నే అడుగుదామని బయల్దేరాను. మెట్లుంటే ఆవిణ్ణే కిందికి రమ్మను."

పచ్చమేడమ్ అనుకోకుండా లేచి నిలబడింది, ఆవిడ ఎదురుగా ఉన్నట్టే.

చిన్నకోడలు ఫోను మీదికి వంగింది. "అత్తయ్యా, మీరు లేవకండి. బస్సు ఆగినా లేవకండి. మేం స్టాపు దగ్గరికొచ్చి దింపుకుంటాం. ఎక్కడిదాకా వచ్చారు?"

"నాకేం తెలుసే ఈ ఊరు, గడప దాటి ఎన్నాళ్ళయింది. ఇదిగో, ఇప్పుడే వంతెన ఎక్కాం. కింద నీళ్ళు ఎంత బాగున్నాయో. మీ మామగారుంటే..."

హోరు ఆగిపోయింది. ఫోను తెగింది. పెద్దకోడలు మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్ అని వచ్చింది. ఇంకోసారి చేసింది. అదే.

"పోనీలేమ్మా, క్షేమంగా ఉన్నారు కదా," అంది పచ్చమేడమ్, ఇద్దరి కన్నా ముందు తనకు తను ధైర్యం చెప్పుకుంటూ. "స్టాపు దగ్గరికి పదండి. నేనూ వస్తాను. కాసేపట్లో వచ్చేస్తారు."

ఇద్దరూ కదల్లేదు. చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుంది.

"మేడమ్," అంది పెద్దకోడలు, "కాలేజీకొచ్చే బస్సు దారిలో వంతెన లేదు."